పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు చికాగోలో రెండు రోజులు: ప్లాన్ బెజవాడలోనే వేసుకోండి

అమ్మాయి దగ్గరో అబ్బాయి దగ్గరో ఆర్నెల్లు ఉండి రావడానికి అమెరికా బయల్దేరుతున్నారా? అయితే ఇది మీకు పనికొస్తుంది. నయాగరా, వాషింగ్టన్ లాంటి పెద్ద ట్రిప్పుల సంగతి నేను చెప్పడం లేదు. వాటికి పిల్లలు నెలల ముందే సెలవులు పెట్టి, టికెట్లు తీసి, హోటళ్ళు బుక్ చేసి అన్నీ వాళ్ళే చూసుకుంటారు. నేను చెప్పేది శనివారం పొద్దున బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరే చిన్న ప్రయాణం గురించి. రెండు రోజులే కదా, అక్కడికెళ్ళాక చూసుకుందాంలే అనుకుంటాం చూశారా, పాడయ్యేవి ఇవే.

మాది సత్యనారాయణపురం. అమ్మాయి, అల్లుడు ఇల్లినాయ్ రాష్ట్రంలో నార్మల్ అనే ఊళ్ళో ఉంటారు. పక్కనే బ్లూమింగ్టన్, రెండూ ఆనుకుని ఉన్న జంట ఊళ్ళు, మన తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు. అక్కణ్ణించి చికాగో సుమారు 200 కిలోమీటర్లు. మేము రెండుసార్లు వెళ్ళాం. మొదటిసారి మా అల్లుడు పాపం రాత్రి రెండింటి దాకా కూర్చుని తొమ్మిది చోట్ల పేర్లు రాశాడు, మమ్మల్ని ఏదీ మిస్ చేయనివ్వకూడదని అతని తాపత్రయం. కారులో వెళ్ళాం. ఊళ్ళోకి వచ్చేసరికి ట్రాఫిక్‌లో గంట, పార్కింగ్ వెతకడానికి ముప్పావు గంట. టవర్ ఎక్కుదామంటే టికెట్లు ముందు తీసుకోలేదు, చాంతాడంత లైను. మావారికి కుడి మోకాలు అరిగింది, కానీ ఆ రోజంతా ఒక్క మాట అనలేదు, "పర్లేదమ్మా, పర్లేదు" అంటూనే నడిచారు. రాత్రి హోటల్ గదిలో ప్యాంటు పైకి మడిస్తే మోకాలిచిప్ప ఎక్కడుందో తెలియనంతగా వాచి ఉంది, సాక్సు పట్టీ పిక్క మీద గాడిలా దిగబడింది. అది చూసి అమ్మాయి బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చింది. మర్నాడు ఎక్కడికీ వెళ్ళలేదు, ఐస్ పెట్టుకుని గదిలో కూర్చుని, మధ్యాహ్నం ఇంటికి వచ్చేశాం.

రెండోసారి వెళ్ళినప్పుడు ప్లాన్ అంతా ఇక్కడే, బెజవాడలో మా డైనింగ్ టేబుల్ మీద వేసుకున్నాం. ఆ పద్ధతే చెప్తున్నాను.

ముందు బ్యారేజీ మీద నడవండి

ఏం చూడాలి అన్నది తర్వాత. ఎంత నడవగలరు అన్నది ముందు తేలాలి. ఆ ఊళ్ళలో కారు ఉన్నా సరే నడక తప్పదు, ఎందుకంటే కారు ఒకచోట పెట్టాక మిగతాదంతా కాళ్ళ మీదే. మనకేమో మన నడక ఎంతో మనకే తెలియదు, ఇంట్లో తిరగడం వేరు, ఆగకుండా నడవడం వేరు.

మేము చేసింది ఇది. బయల్దేరే ముందు నెల రోజులు పొద్దున్నే ప్రకాశం బ్యారేజీకి వెళ్ళాం. బ్యారేజీ పొడవు 1223 మీటర్లు, అంటే ఈ ఒడ్డు నుంచి సీతానగరం ఒడ్డుకి కిలోమీటరుంపావుకి కొంచెం తక్కువ. మావారు ఒకవైపు హాయిగా నడిచారు, అటు చివర పది నిమిషాలు కూర్చుంటే తిరిగి రాగలిగారు, మూడోసారి మాత్రం కుదర్లేదు. కాబట్టి ఆయన లెక్క రోజుకి పొద్దున రెండు బ్యారేజీలు, సాయంత్రం ఒకటి, మధ్యలో విశ్రాంతి. ఈ లెక్క అమ్మాయికి ఫోన్‌లో ఉన్నదున్నట్టు చెప్పాం. ఆ తర్వాత చికాగో మ్యాపు తీసి ప్రతి దూరాన్నీ బ్యారేజీల్లో కొలిచాం. రైలు దిగే యూనియన్ స్టేషన్ నుంచి, పైకెక్కి ఊరంతా చూసే విల్లిస్ టవర్ అర బ్యారేజీ కూడా లేదు. టవర్ నుంచి మిలీనియం పార్కులో ఉండే బీన్ అనే ఆ మెరిసే స్టీలు శిల్పం దాకా ఒక బ్యారేజీ. బీన్ నుంచి నది మీద తిప్పే పడవ ఎక్కే వంతెన దాకా అర బ్యారేజీ పైచిలుకు. బీన్ నుంచి సరస్సు ఒడ్డున ఉన్న నేవీ పీర్ అనే రేవు మాత్రం దాదాపు రెండు, పైగా ఆ పీర్ నీళ్ళలోకి కిలోమీటరు పొడుగున ఉంటుంది, చివరిదాకా వెళ్ళి రావాలంటే ఇంకో బ్యారేజీన్నర. అలా చూసేసరికి ఏది మన వల్ల అవుతుందో ఏది కాదో ఎవరూ ఎవరినీ నొప్పించకుండానే తేలిపోయింది. గుంటూరు వాళ్ళయితే రోజూ నడిచే దారి ఏదో ఒకటి కొలుచుకోండి, కొలత ఏదైనా ఒకటే.

"పర్లేదు" అనే మాట దయచేసి ఇక్కడే వదిలేసి వెళ్ళండి. పిల్లలకి మన నొప్పి చెప్తే బాధపడతారని మనం దాస్తాం, వాళ్ళు మనకి ఏదో చూపించలేకపోయామని బాధపడతారు. ముందే చెప్పేస్తే ఇద్దరికీ ఆ బాధ ఉండదు.

మూడే మూడు

రెండు రోజులకి మూడు పెద్ద చూడదగ్గవి. అంతకంటే ఎక్కువ రాయకండి. ఒక్కొక్కరు ఒక్కటి కోరుకోండి, అది మాత్రం ఏమైనా సరే జరిగి తీరాలి, మిగతావి దారిలో కనపడితే చూస్తాం లేకపోతే లేదు. నేను వివేకానందుడు మాట్లాడిన చోటు అన్నాను, మావారు ఎత్తైన టవర్ అన్నారు, అమ్మాయి వాళ్ళు పడవ అన్నారు. ఎనిమిదేళ్ళ మా మనవరాలు బీన్ అంది, అది ఉచితం, దారిలోనే ఉంది, కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు.

చాలామంది సిటీపాస్ తీసుకోమంటారు. చికాగో సిటీపాస్‌లో అయిదు చోట్లకి ప్రవేశం ఉంటుంది, తొమ్మిది రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు. వారం ఉండేవాళ్ళకి మంచిదే. రెండు రోజులకి వస్తే డబ్బులు కట్టాం కదా అని అయిదూ తిరగాలనిపిస్తుంది, మళ్ళీ మా మొదటి ట్రిప్పు కథే. విడివిడిగా తీసుకోండి. టవర్‌కీ పడవకీ టికెట్ మీద టైము ఉంటుంది, వారం ముందే ఆన్‌లైన్‌లో తీసిపెట్టమనండి.

పిల్లలతో ఇవన్నీ మాట్లాడేటప్పుడు టైము చూసుకోండి. ఎండాకాలంలో చికాగో మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. మనకి ఆదివారం సాయంత్రం ఆరున్నర అంటే వాళ్ళకి పొద్దున ఎనిమిది, కాఫీ కప్పుతో తీరిగ్గా దొరుకుతారు.

ఎప్పుడు వెళ్ళాలి

మే చివరి నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా బాగుంటుంది. జూన్‌లో అయితే రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురే, అంత పొడుగు పగలు చూస్తే మనకి ఆశ్చర్యంగా ఉంటుంది. డిసెంబరులో నాలుగున్నర కాకముందే చీకటి. పడవలు కూడా చలికాలంలో ఆపేస్తారు. అక్టోబరులో వెళ్తే స్వెట్టరు మీద గాలి ఆపే కోటు ఒకటి తప్పనిసరి, ఊరి పక్కనే ఉన్న మిషిగన్ సరస్సు మీదుగా వచ్చే గాలికి మన మంకీ క్యాపు కూడా చాలదు.

కొన్ని వారాంతాలు మాత్రం వదిలేయండి. మే నెల ఆఖరి సోమవారం, జూలై 4, సెప్టెంబరు మొదటి సోమవారం వాళ్ళకి సెలవులు, ఆ మూడు వీకెండ్లూ ఊరు కిటకిట. జూలై ఆఖరున గానీ ఆగస్టు మొదట్లో గానీ గ్రాంట్ పార్కులో లొల్లపలూజా అని నాలుగు రోజుల పెద్ద సంగీత ఉత్సవం జరుగుతుంది, గది రేట్లు చుక్కలంటుతాయి. అక్టోబరులో మారథాన్ ఆదివారం వీధులు మూసేస్తారు.

కారా, రైలా, గది ఎక్కడ

మా వైపు నుంచి వెళ్ళేవాళ్ళకి నా సలహా రైలే. ఆమ్‌ట్రాక్ రైలు నార్మల్‌లో ఎక్కితే దాదాపు రెండున్నర గంటల్లో చికాగో యూనియన్ స్టేషన్‌లో దింపుతుంది, మనకి బెజవాడ నుంచి రాజమండ్రి వెళ్ళినంత టైము. సీట్లు వెడల్పు, కాళ్ళు చాపుకోవచ్చు, బాత్రూమ్ ఉంటుంది. దారంతా రెండు పక్కలా మొక్కజొన్న చేలు, సోయా చేలు. అల్లుడు కూడా డ్రైవింగ్ టెన్షన్ లేకుండా మనతో కూర్చుని మాట్లాడతాడు, ఆర్నెల్లలో అలా అతను తీరిగ్గా మాతో మాట్లాడింది ఆ రైల్లోనే.

వేరే రాష్ట్రం నుంచి విమానంలో వచ్చేవాళ్ళు ఓహేర్‌లో దిగితే బ్లూ లైన్ రైలు, మిడ్‌వేలో దిగితే ఆరెంజ్ లైన్ రైలు నేరుగా ఊరి మధ్యకి తీసుకొస్తాయి. దేశంలో లోపల తిరిగే విమానమే అయినా మనకి గుర్తింపు కార్డు పాస్‌పోర్టే, జిరాక్సు చెల్లదు. రైల్లో వెళ్ళినా పాస్‌పోర్టు ఒరిజినల్, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపించే రికార్డు) ప్రింటు హ్యాండ్‌బ్యాగులో ఉంచుకోండి. ఇంకో మాట, విమానంలో చేతి సామానులో ఆవకాయ, గోంగూర పచ్చడి లాంటివి కూడా ద్రవపదార్థాల లెక్కలోకే వస్తాయి, 100 మిల్లీలీటర్లు దాటితే తీసి పడేస్తారు. రైల్లో ఆ బాధ లేదు.

గది విషయంలో రేటు చూసి మోసపోకండి. ఊరికి దూరంగా తక్కువకి వస్తుంది, కానీ మధ్యాహ్నం పడుకోవడానికి గదికి రాలేకపోతే ఆ గది ఉన్నా లేనట్టే. లూప్ అనే నడిబొడ్డు ప్రాంతంలో, మిలీనియం పార్కుకి అర బ్యారేజీ లోపు తీసుకోండి. చూపించిన రేటు మీద హోటల్ పన్నులే 17 శాతం పైన పడతాయి. కారు తెస్తే డౌన్‌టౌన్ హోటల్లో రాత్రికి పార్కింగ్ 50 డాలర్లు దాటడం మామూలే. మా మొదటి ట్రిప్పులో ఒక హోటల్ వాళ్ళు బిల్లులో "డెస్టినేషన్ ఫీజు" అని రోజుకి ఇంత అని వేశారు, బుక్ చేసినప్పుడు అది కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉందట. అందుకని బుక్ చేసే ముందు మొత్తం చెల్లించాల్సింది ఎంత అన్న చివరి అంకె చూడమని పిల్లలకి చెప్పండి. గదిలో ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్నాయా అని అడగండి, బాత్రూమ్‌లో టబ్ కాకుండా నేల మట్టానికి ఉండే షవర్ అడగండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆ టబ్ అంచు దాటడం ఎంత కష్టమో పిల్లలకి తట్టదు.

ఊళ్ళో తిరగడానికి సిటీ రైలు ఉంది, ఎల్ అంటారు, చాలాచోట్ల వీధుల పైన ఇనప స్తంభాల మీద నడుస్తుంది, లూప్ చుట్టూ ఆ పట్టాలు 1897 నుంచీ ఉన్నాయి. అన్ని స్టేషన్లకీ లిఫ్టు లేదు, ఇది గుర్తు పెట్టుకోండి, ఇనప మెట్లు నిటారుగా ఉంటాయి. మిలీనియం పార్కు దగ్గర వాషింగ్టన్-వాబాష్ స్టేషన్‌కి, విల్లిస్ టవర్ దగ్గర క్విన్సీ స్టేషన్‌కి లిఫ్టు ఉంది. బస్సులు ఇంకా సుఖం, ఫుట్‌బోర్డు ఎత్తు తక్కువ, అడిగితే ముందు వైపు ఇంకా కిందికి దించుతారు.

శనివారం

మేము పదకొండు లోపే దిగాం. సామాను హోటల్లో పెట్టేసి (గది మూడింటికి గానీ ఇవ్వరు, సామాను మాత్రం ముందే ఉంచుకుంటారు) మొదట వెళ్ళాల్సింది చికాగో కల్చరల్ సెంటర్. మిలీనియం పార్కుకి ఎదురుగానే ఉంటుంది, 1897లో ఊరి లైబ్రరీగా కట్టారు, ప్రవేశం ఉచితం. రంగు అద్దాలతో చేసిన గుమ్మటం పైకి చూస్తే కళ్ళు తిప్పుకోలేం, 38 అడుగుల అడ్డం, టిఫనీ అనే పేరున్న అమెరికా కంపెనీ చేసిన గుమ్మటాల్లో ప్రపంచంలో ఇంతకంటే పెద్దది లేదు. నేను ముందు ఇక్కడికే వెళ్ళమనడానికి ఇంకో కారణం కూడా ఉంది, లోపల శుభ్రమైన రెస్ట్‌రూములు ఉన్నాయి, కూర్చోడానికి చోటుంది, ఎవరూ ఏం కొంటారని అడగరు. మన వయసులో బయటికి వెళ్తే సగం టెన్షన్ దాని గురించే కదా.

రోడ్డు దాటితే బీన్. అసలు పేరు క్లౌడ్ గేట్, చేసింది ముంబైలో పుట్టిన అనీష్ కపూర్. 110 టన్నుల బరువు, 33 అడుగుల ఎత్తు, 168 స్టీలు పలకలు అతికి, అతుకు కనపడకుండా నునుపు చేశారు. తోమి బోర్లించిన పెద్ద స్టీలు గిన్నెలా ఉంటుంది. కిందికి వెళ్ళి తలెత్తి చూడండి. మా మనవరాలు ఒక చెయ్యి ఊపితే పైన పది మంది మనవరాళ్ళు చేతులు ఊపారు, నా చీర అంచు గీతలు గీతలుగా సాగి పైకి పాకింది. పావుగంట అనుకున్నది ముప్పావు గంట అయింది, పోనీలెండి, అందుకే మూడే పెట్టుకోమన్నది.

అక్కణ్ణించి మిషిగన్ అవెన్యూ మీద అర కిలోమీటరు లోపే ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, గుమ్మానికి రెండు పక్కలా కంచు సింహాలు. 1893 సెప్టెంబరు 11న సర్వమత మహాసభలో స్వామి వివేకానంద మాట్లాడింది ఈ భవనంలోనే. "అమెరికా సోదరీ సోదరులారా" అన్న ఆ మాటలు మన స్కూలు పుస్తకాల్లో చదువుకున్నాం. ఆ వీధికి గౌరవంగా ఆయన పేరు కూడా పెట్టారు, స్తంభం మీద స్వామి వివేకానంద వే అనే బోర్డు ఉంటుంది, తల ఎత్తి వెతుక్కోవాలి. మావారు బోర్డు కింద నిలబడి చెప్పులు విడిచి చేతులు జోడించారు, ఎవరో ఒకావిడ ఆగి ఏమిటని అడిగితే మా అమ్మాయి చెప్పింది, ఆవిడ కూడా ఒక నిమిషం నిలబడింది.

లోపలికి వెళ్ళడానికి టికెట్ ఉంది, 14 ఏళ్ళ లోపు పిల్లలకి ఉచితం. ఇల్లినాయ్‌లో ఉండే పెద్దవాళ్ళకి తగ్గింపు ఉంటుంది, వాళ్ళ లైసెన్సు చూపించమనండి. మంగళ, బుధవారాలు సెలవు, శని ఆదివారాల్లో తెరిచే ఉంటుంది కానీ పొద్దున్నే తెరవరు, వెళ్ళే వారం వెబ్‌సైట్‌లో టైము చూసుకోండి. లోపల వీల్‌చైర్ ఉచితంగా ఇస్తారు. దయచేసి తీసుకోండి. మావారు మొదట వద్దన్నారు, మనవరాలు తాతయ్యని తోస్తానంటే కూర్చున్నారు, రెండు గంటలు సుఖంగా చూశారు, సాయంత్రానికి కాళ్ళు మిగిలాయి. అంత పెద్ద మ్యూజియం మొత్తం చూడాలనుకోవద్దు. భారతదేశం, ఆగ్నేయాసియా విగ్రహాల గ్యాలరీ ఒకటి చూడండి, నాగపట్నం నుంచి వెళ్ళిన 12వ శతాబ్దపు నల్లరాతి బుద్ధుడున్నాడు. తర్వాత ఫ్రెంచి చిత్రకారుడు సురా వేసిన పెద్ద బొమ్మ, ఏటి ఒడ్డున ఆదివారం సేదతీరే జనం. మూడు మీటర్ల వెడల్పు, అంతా చుక్కలే. దగ్గరికి వెళ్తే ఎరుపు, నీలం, పసుపు చుక్కలు తప్ప ఏమీ లేదు, పది అడుగులు వెనక్కి వస్తే గొడుగులు, గడ్డి, నీడ. సంక్రాంతికి చుక్కల ముగ్గు వేసే చెయ్యి ఉన్న ఏ ఆడవాళ్ళకైనా ఆ ఓపిక ఏమిటో వెంటనే అర్థమవుతుంది.

మూడు నుంచి అయిదు దాకా గదిలో పడుకోండి. దీన్ని కొట్టేయమని పిల్లలు ఎంత బతిమాలినా ఒప్పుకోకండి.

సాయంత్రం పడవ. చికాగో నది మీద ఆర్కిటెక్చర్ టూర్ అని గంటన్నర తిప్పుతారు, గైడు ఒక్కో భవనం కథ చెప్తాడు. నన్నడిగితే ఈ ఊళ్ళో ఒక్కటే చూడటానికి వీలుంటే ఇదే చూడండి, ఎందుకంటే కూర్చున్నచోటి నుంచి కదలకుండా ఊరంతా మన ముందు నుంచి వెళ్తుంది. పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపం వెళ్ళే పడవ గుర్తొస్తుంది, కాకపోతే రెండు ఒడ్లూ గోడల్లా పైకి లేచి ఉంటాయి. 1871లో పెద్ద మంటల్లో ఊరి నడిబొడ్డంతా కాలిపోయింది, మళ్ళీ కట్టుకుంటూ పైకి పైకి కట్టడం నేర్చుకున్నారు, 1885లో లేచిన పదంతస్తుల భవనాన్ని మొట్టమొదటి ఆకాశహర్మ్యం అంటారు. ఇంకో వింత, ఈ నది అసలు సరస్సులోకి పారేది. ఊరి మురికంతా తాగే నీళ్ళున్న సరస్సులో కలుస్తోందని కాలువ తవ్వి 1900లో నదినే వెనక్కి తిప్పేశారు. కృష్ణ ఒడ్డున పుట్టినవాళ్ళం, నదిని వెనక్కి తిప్పడం అంటే ఏమిటో ఊహించుకోండి. దారిలో మొక్కజొన్న పొత్తుల్లాంటి జంట భవనాలు కనిపిస్తాయి, మరీనా సిటీ, 65 అంతస్తులు, కింద 19 అంతస్తుల్లో కార్లు అంచు దాకా వచ్చి నిలబడి ఉంటాయి, గింజలు పేర్చినట్టు.

పడవ ఎక్కే చోటు మిషిగన్ అవెన్యూ వంతెన కింద, వీధి నుంచి మెట్లు దిగాలి. మెట్లు పడనివాళ్ళు లిఫ్టు, ర్యాంపు ఎటునుంచి అని బుక్ చేసేటప్పుడే అడగండి. పై డెక్ మీద గాలి, శాలువా తీసుకెళ్ళండి. ఎండాకాలం శనివారాలు రాత్రి పదింటికి నేవీ పీర్ దగ్గర బాణాసంచా కాలుస్తారు, ఓపికుంటే పిల్లల్ని పంపండి, మేము మాత్రం పడుకున్నాం.

ఆదివారం

పొద్దున్నే ఎండ ఎక్కకముందు సరస్సు ఒడ్డుకి వెళ్ళండి. పేరుకి సరస్సు గానీ అవతలి ఒడ్డు కనపడదు, అలలుంటాయి, సూర్యోదయం అచ్చం మన మంగినపూడి బీచిలో చూసినట్టే. కానీ ఉప్పు వాసన లేదు. మావారు చేత్తో కాసిని నీళ్ళు తీసి నాలుకకి తగిలించి చూశారు, మంచినీళ్ళే. గ్రాంట్ పార్కులో బకింగ్‌హాం ఫౌంటెన్ 1927 నాటిది, మే నుంచి అక్టోబరు మధ్య దాకా నడుస్తుంది, గంటకోసారి నీళ్ళు బాగా పైకి చిమ్ముతాయి, పక్కన బెంచీలున్నాయి.

తర్వాత విల్లిస్ టవర్. దీన్ని చివరికి పెట్టుకోవడానికి కారణం స్టేషన్ పక్కనే ఉండటం. 110 అంతస్తులు, 442 మీటర్లు, 1998 దాకా పాతికేళ్ళు ప్రపంచంలో ఎత్తైన భవనం ఇదే, అప్పట్లో సియర్స్ టవర్ అనేవాళ్ళు. దీని ఇంజనీరు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహమాన్ ఖాన్. ఒక్కటే లావు భవనం కాకుండా తొమ్మిది గొట్టాల్ని కట్టగా కట్టినట్టు నిలబెట్టి, గాలికి ఒకదాన్నొకటి ఆదుకునేలా చేశాడు. 103వ అంతస్తులో గోడ బయటికి నాలుగడుగులు వచ్చిన గాజు పెట్టెలుంటాయి, అందులో నిలబడితే కాళ్ళ కింద 412 మీటర్ల లోతున వీధి. బీపీ ఉన్నవాళ్ళు, తల తిరిగేవాళ్ళు గాజు దాకా వెళ్ళక్కర్లేదు, కిటికీల్లోంచి కూడా అంతా కనిపిస్తుంది. పొద్దున మొదటి స్లాటు తీసుకుంటే జనం తక్కువ. మబ్బు పట్టి ఉంటే పైనుంచి తెల్లటి పొగ తప్ప ఏమీ కనపడదు, కాబట్టి శుక్రవారం వాతావరణం చూసి, అవసరమైతే శనివారానికి మార్చుకునే టికెట్టే తీసుకోండి.

కారులో వచ్చినవాళ్ళకి ఆదివారం ఇంకో దారి ఉంది. ఐ-55 రోడ్డు మీద తిరిగి వెళ్తుంటే లెమాంట్ దగ్గర రామాలయం, పక్కనే గణపతి, శివుడు, దుర్గమ్మ ఉన్న గుడి. అంత దూరాన దుర్గమ్మని చూస్తే మన కొండ మీద నిలబడ్డట్టే ఉంటుంది. డెవాన్ అవెన్యూ మన వాళ్ళ అంగళ్ళ వీధి, చీరల కొట్లు, మిఠాయి కొట్లు, కూరగాయలు అన్నీ దొరుకుతాయి, కానీ లూప్ నుంచి బస్సులూ రైళ్ళూ మారుతూ వెళ్తే గంట పడుతుంది. బీరకాయల కోసం రెండు రోజుల్లో సగం పూట ఖర్చు పెట్టకండి.

తిండి, సంచి

శాకాహారులైతే "వెజిటేరియన్" అన్న ఒక్క మాటతో ఆగకండి. సూపులో చికెన్ స్టాక్ ఉంటుంది, బీన్స్‌లో పంది కొవ్వు ఉండొచ్చు. మాంసం, చేప, గుడ్డు, మాంసం ఉడికించిన నీళ్ళు ఏవీ వద్దని విడివిడిగా చెప్పించండి. ఇటాలియన్ బీఫ్ అని పెద్ద బోర్డులుంటాయి, అది గొడ్డు మాంసం. చికాగో డీప్ డిష్ పిజ్జా బాగుంటుంది, లోతు పళ్ళెంలో అంగుళం మందాన ఉంటుంది, ఒక్క ముక్క చాలు, కానీ కాలడానికి ముప్పావు గంట దాకా పడుతుంది. ఆకలేశాక ఆర్డరు పెడితే షుగరున్నవాళ్ళకి ఇబ్బంది, ముందే ఫోన్ చేసి చెప్పమనండి. నీళ్ళలో ఐసు వద్దని చెప్పాలి, లేకపోతే గ్లాసు నిండా ఐసే. హోటల్లో కూర్చుని తింటే బిల్లు మీద 18 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం అక్కడి పద్ధతి, బడ్జెట్‌లో అదీ రాసుకోండి.

ఒక పూట మాత్రం ఇంటి తిండి. నేను శుక్రవారం రాత్రి పులిహోర కలిపి, కందిపొడి చిన్న డబ్బాలో, పెరుగన్నం మరో డబ్బాలో పెట్టాను.

చేతిసంచిలో నాలుగు రోజుల మాత్రలు (రెండు రోజులకే వెళ్తున్నా సరే), మందుల చీటీ, ఇన్సూరెన్స్ కాగితం, నీక్యాప్, చిన్న మడత గొడుగు, వాడేసిన నీళ్ళ సీసా ఒకటి, అది ఎందుకో మన ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక కాగితం మీద అమ్మాయి పేరు, ఫోన్ నంబరు, హోటల్ చిరునామా ఇంగ్లీషులో రాసి ఇద్దరి జేబుల్లో విడివిడిగా పెట్టుకోండి. అత్యవసరమైతే 911. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ప్రతి చోటా ముందే అనుకోండి, మేము సింహాల దగ్గర అనుకున్నాం. బూట్లు కొత్తవి వేసుకోకండి, అక్కడికి వెళ్ళాక కొన్నా కనీసం పదిహేను రోజులు నడిచి అలవాటు పడ్డాకే.

తిరుగు రైలు ఆదివారం సాయంత్రానికే తీసుకోండి, రాత్రి ఆఖరిది వద్దు. పిల్లలకి సోమవారం పొద్దున ఆఫీసు ఉంటుంది, మనం నిద్ర లేచేసరికి వాళ్ళు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంటారు. మేము ఎక్కిన రైలు ఎండ ఇంకా ఉండగానే కదిలింది. మొక్కజొన్న చేల మీద వెలుతురు పచ్చగా పడుతోంది, మనవరాలు తాతయ్య ఒళ్ళో తలపెట్టి పడుకుంది, కాళ్ళు నా మీద. నేను డబ్బా మూత తీస్తే పులిహోర ఇంగువ వాసన వచ్చింది. అమ్మాయి ముందు సీటు నుంచి వెనక్కి తిరిగి "నాన్నా, మోకాలు ఎలా ఉంది?" అంది. ఆయన ప్యాంటు మీద నుంచే ఒకసారి తడుముకుని చూసుకున్నారు. "ఇంకో బ్యారేజీ నడుస్తానే అమ్మా" అన్నారు.